ఎర్ర రంగు చూసిన మాస్టారు

ఈసారి నేను ఆండ్రెస్ మాన్యుయెల్ డెల్ రియో గారి గురించి రాస్తున్నాను.

ఈయన 1764లో స్పెయిన్ దేశపు మాడ్రిడ్ నగరంలో జన్మించారు. గనుల చదువు కోసం జర్మనీ, ఫ్రాన్స్ తిరిగారు. 1794లో మెక్సికో వచ్చి గనుల కళాశాలలో మాస్టారుగా చేరారు. అప్పుడు మెక్సికో స్పెయిన్ వాళ్ళ చేతిలో ఉండేది.

1801లో జిమాపాన్ అనే చోట గనిలో దొరికిన గోధుమరంగు సీసపు రాయిని పరీక్ష చేశారు. అందులో కొత్త లోహం ఉందని కనిపెట్టారు. దాని లవణాలు వేడి చేస్తే ఎర్రగా మారాయి. అందుకని ఎరిత్రోనియం అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో ఎరుపు అని. తర్వాత హంబోల్ట్ అనే గొప్ప శాస్త్రవేత్త మెక్సికో వస్తే ఆ రాయి ముక్కలు ఇచ్చి పంపారు. 1805లో పారిస్‌లో ఒకాయన చూసి ఇది కొత్తదేం కాదు, క్రోమియమే అని తేల్చేశారు. డెల్ రియో గారు కూడా తన మాట వెనక్కి తీసేసుకున్నారు. నాకు ఇక్కడే బాధేసింది. పారిస్ వాళ్ళు చెప్తేనే నిజమా? గనుల దేశంలో ఉన్న మాస్టారు చెప్తే కాదా?

1830లో స్వీడన్‌లో సెఫ్‌స్ట్రోమ్ గారికి ఇనుములో అదే లోహం దొరికింది. వాళ్ళ దేవత పేరు మీద వెనేడియం అన్నారు. 1831లో వోలర్ గారు (యూరియా తయారుచేసినాయనే) రెండూ ఒకటే అని రుజువు చేశారు. అమెరికాలో ఒకాయన రియోనియం అని పెడదామన్నా ఎవరూ వినలేదు.

మోటారు బాగుచేసే స్పానర్ల మీద క్రోమ్ వెనేడియం అని ఇంగ్లీషులో ఉంటుంది, చూడండి. ఒకటే అనుకున్న రెండు లోహాలూ ఇప్పుడు ఒకే స్పానర్‌లో ఉన్నాయి! ఉక్కులో కొంచెం వెనేడియం కలిపినా చాలా గట్టిపడుతుంది.

ఇప్పుడు దక్షిణాఫ్రికా, బ్రెజిల్ దేశాల్లో నల్లటి ఇనుప రాయి నుంచి దీన్ని తీస్తారు. ఓపెన్‌కాస్టు గొయ్యి తవ్వి, రాయిని పిండి చేసి, అయస్కాంతంతో ఏరతారు. సోడా కలిపి, తిరిగే పొడుగాటి కొలిమిలో కాలుస్తారు. తర్వాత నీళ్ళు పోస్తే వెనేడియం నీళ్ళలోకి దిగుతుంది. దాన్నుంచి చివరికి పసుపు, నారింజ కలిసిన పొడి వస్తుంది. ఆ దుమ్ము పీలిస్తే దగ్గు, ఆయాసం వస్తాయి. తవ్వే వాళ్ళ పేరు మాత్రం ఏ లోహానికీ పెట్టలేదు.

మళ్ళీ మాస్టారి దగ్గరికి వస్తాను. మెక్సికోకి స్వాతంత్ర్యం వచ్చాక, 1829లో స్పెయిన్ వాళ్ళను దేశంలోంచి పంపించేశారు. ఈయన్ను ఉండమన్నారు. కానీ తోటివాళ్ళు పోతుంటే తానొక్కడే ఎలా ఉంటానని అమెరికాలోని ఫిలడెల్ఫియా వెళ్ళిపోయారు. అప్పటికి అరవై దాటాయి. 1834లో తిరిగొచ్చి మళ్ళీ పాఠాలు చెప్పారు. 1849లో మెక్సికో నగరంలోనే, 84 ఏళ్ళ వయసులో చనిపోయారు.