మూడో బాంబు ఆపినోడు

మా కూకట్‌పల్లిల యుద్ధం ముచ్చటొస్తే, ఒక్క అణుబాంబేస్తే పీడ పోతదని అల్కగ అనేటోళ్లు మస్తుమంది. వాళ్లకు నేను హ్యారీ ట్రూమన్ కథ జెప్త.

1884ల మిస్సోరీల రైతుబిడ్డగ పుట్టిండు. నా లెక్కనే డిగ్రీ లేదు. బట్టల దుకాణం పెట్టి దివాళా తీసిండు. 1945 ఏప్రిల్ 12న రూజ్వెల్ట్ పోతే అధ్యక్షుడైండు. ఉపాధ్యక్షునిగ ఉన్నన్నొద్దులు బాంబు సంగతి ఆయనకు చెప్పనే లేదు.

116 రోజులకే హిరోషిమా. ఎందుకేసిన్రు? ఒకినావాల 12 వేలకు పైగ అమెరికా సిపాయిలు సచ్చిన్రు. నవంబర్ల జపాన్ గడ్డ మీద దిగితే ఇంకెంతమంది పోతరోనని బుగులు. బాంబుకు పెట్టిన ఖర్సు 200 కోట్ల డాలర్లు. రష్యాకు తాకత్ చూపియ్యాలన్న లెక్క సుత ఉండెనంటరు.

జులై 25 హుకుంల తయారైనకొద్దీ వెయ్యమనే ఉన్నది. అందుకే ఆగస్టు 9న నాగసాకికి వేరే హుకుం అక్కెర పడలే. తెల్లారి ట్రూమనే, తన మాట లేకుంట మూడోది వెయ్యొద్దన్నడు. ఆ ఏడాది ఆఖరుకు రెండు ఊర్లల్ల సుమారు 2 లక్షల మంది సచ్చిన్రు. 1972ల పోయేదాంక తను చేసింది సరైందేనన్నడు.

కారణాలు ఉన్నయ్, కాదంటలేను. గానీ పదో తారీఖు ఆపగలిగినోడు ఆరో తారీఖు సుత ఆపగలుగుతుండె. గది మర్వొద్దు.