ఇలియట్ దొర, నీటికాసుల ఆపరేషను

చార్మినార్ చుట్టుపక్కల పెద్దలు సఫేద్ మోతియా, కాలా మోతియా అని రెండు కంటిజబ్బులను వేరుగా చెబుతారు. మొదటిది శుక్లం, రెండవది నీటికాసులు, అనగా గ్లాకోమా. మన వయసులో రెండూ ఒకే కంటికి రావడం వింతేమీ కాదు. శుక్లం తీస్తే దానివల్ల తగ్గిన చూపు తిరిగి వస్తుంది. కంటిలో ఒత్తిడికి నరం దెబ్బతిని పోయిన చూపు మాత్రం రాదు. ఈ రెండింటితోనూ కుస్తీ పట్టిన వారిలో కంటి డాక్టర్లందరూ ఎరిగిన పేరు రాబర్ట్ హెన్రీ ఇలియట్.

ఆయన 1864లో జన్మించారు. ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి, తాచుపాము విషంపై కూడా పరిశోధనలు చేశారు. 1904లో మద్రాసు ఎగ్మూరులోని ప్రభుత్వ కంటి ఆసుపత్రికి సూపరింటెండెంటు అయ్యారు. అప్పుడు కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలోనివే.

ఆ రోజుల్లో ఊరూరా తిరిగే వైద్యులు సూదితో శుక్లాన్ని కంటి వెనక్కు నెట్టేసేవారు. వెంటనే వెలుగు కనబడేది, రోగి సంతోషంగా డబ్బిచ్చేవాడు. వైద్యుడు ఊరు దాటిన తరువాత వాపు, ఒత్తిడి మొదలై ఎన్నో కళ్లు ఆరిపోయేవి. అటువంటి వందల కళ్లను ఇలియట్ పరీక్షించి లెక్క కట్టారు. 1917లో లండను రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్‌లో దీనిపైనే ఉపన్యసించారు. ఆ వైద్యులను తిట్టడం తేలికే గాని, ఆసుపత్రి ఎరుగని పల్లెకు గుమ్మంలోకి వచ్చినవాడే ధన్వంతరి కదా!

1909లో ఆయన నల్లగుడ్డు అంచున ట్రిఫైన్ అనే గుండ్రని పరికరంతో రెండు మిల్లీమీటర్లలోపు రంధ్రం చేసి, లోపలి నీరు పైపొర కిందికి ఇంకే దారి చేశారు. గ్లాస్గోలో ఫెర్గస్ కూడా అదే కాలంలో ఇటువంటిది చేశారు. ప్రపంచమంతటా వ్యాపించింది ఇలియట్ పద్ధతి. దానికీ లోపముంది: పైపొర పలచబడి, కొందరికి ఏళ్ల తరువాత చీము పట్టేది.

ఇంగ్లండు వెళ్లాక ఈ దొరగారు ఇంద్రజాలికుల సంఘంలో చేరి, 1934లో మన తాడు గారడీ నిజంగా చేసి చూపినవారికి 500 గినీలు ఇస్తామని ప్రకటింపజేశారు. ఆ సొమ్ము ఎవరికీ దక్కలేదు. 1936లో ఆయన కాలం చేశారు.

1968లో కేంబ్రిడ్జి డాక్టరు కెయిర్న్స్ ఆ రంధ్రానికి పలచని మూత ఏర్పాటు చేసే పద్ధతి ప్రకటించారు. నేడు రెండు జబ్బులూ ఉన్నవారికి, నీటికాసుల తీవ్రతను బట్టి, శుక్లం మాత్రమే తీసి చుక్కల మందు కొనసాగించడమో, రెండు ఆపరేషన్లూ ఒకేసారి చేయడమో జరుగుతుంది. ఎప్పుడో నీటికాసుల ఆపరేషను అయినవారి పైరెప్ప కింద చిన్న బుడగ వంటిది ఉంటుంది. శుక్లం తీసేటప్పుడు డాక్టరు దానికి దూరంగా గాటు పెడతారు.