యంత్రమర్మజ్ఞుడు జి. డి. నాయుడు

పెనుకొండ దుర్గము మన చరిత్రలో ప్రసిద్ధికెక్కినది. 1565 లో తళ్లికోట యుద్ధము జరిగిన పిదప విజయనగర రాజులకు అది కొంతకాలము రాజధానిగా నుండెను. ఆ కొండకు తూర్పు దిక్కున నల్లమాడ మొదలగు మెట్టపైరుల పల్లెలు కలవు. విజయనగర రాజుల కాలమునను, తరువాతి నాయకరాజుల కాలమునను తెలుగు దేశమునుండి పెక్కు రైతుకుటుంబములు దక్షిణమునకు తరలి, కోయంబత్తూరు, మధుర ప్రాంతములలో స్థిరపడినవి. తరములు గడచినను ఆ కుటుంబములవారు ఇంట తెలుగు మాటలాడుట మానలేదు. అట్టి యొక కుటుంబమున పుట్టి, బడిచదువు అంతగా లేకున్నను, తన చేతులనే సాధనములుగా చేసికొని యంత్రవిద్యయందు ఆరితేరిన మహనీయుడు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. లోకము ఆయనను జి. డి. నాయుడని పిలిచినది.

నాయుడు 1893 వ సంవత్సరము మార్చి 23 వ తేదీన కోయంబత్తూరు సమీపముననున్న కలంగల్ గ్రామమున జన్మించెను. తండ్రి సేద్యము చేసికొను గృహస్థు. తల్లి ఆతని పసితనముననే కాలధర్మము నొందెను. బాలునకు బడి యనిన గిట్టెడిది కాదు. ఉపాధ్యాయులపై ఇసుక చల్లి పాఠశాలనుండి పారిపోయిన అల్లరిపిల్లవాడని ఆతనిని గూర్చి చెప్పుకొందురు. ప్రాథమిక తరగతులతోనే ఆతని చదువు ముగిసెను. ఇంటివారు పొలముపని అప్పగించిరి. అట్టి బాలునివలన లోకమున కొక మేలు కలుగునని ఆ యూరిలో ఎవ్వరును తలంచి యుండరు.

ఒకనాడు ఆ పల్లెదారిని ఒక ఆంగ్లోద్యోగి మోటారు సైకిలుపై వచ్చెను. ఎద్దుబండ్లును, గుఱ్ఱపుబండ్లును తప్ప వేఱు వాహనము నెఱుగని ఆ పల్లెకు అది వింతలలో వింత. చూచినవారు దాని వేగమునకు అచ్చెరువొంది, దుమ్ము అణగగానే ఎవరి పనులకు వారు పోయి యుందురు. నాయుని మనస్సున మాత్రము ఒక ప్రశ్న నాటుకొనెను. ఎద్దు లేదు, గుఱ్ఱము లేదు. మఱి ఆ చక్రమును త్రిప్పుచున్న దేది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలవారు ఆతని చెంత లేరు. బండి దొరకినగాని జవాబు దొరకదని ఆతడు నిశ్చయించుకొనెను.

కాని బండి కొనుటకు ధన మెక్కడిది? నాయుడు ఇల్లు విడిచి కోయంబత్తూరు చేరి, ఒక భోజనశాలలో వడ్డించు పనికి కుదిరెను. సొంత పొలమున్న రైతుబిడ్డ పరులకు విస్తళ్లు వేసి వడ్డించుటకు సిగ్గుపడలేదు. వచ్చిన జీతమును వృథాచేయక సుమారు 3 సంవత్సరములు కూడబెట్టెను. 300 రూపాయలు చేతికి వచ్చినంతనే ఆ దొరయొద్ద ఆ పాత మోటారు సైకిలును కొనెను. అది ఇంగ్లండు దేశములోని కొవెంట్రీ పట్టణమున రడ్జి కంపెనీవారు తయారుచేసిన బండి. ఆ దినములలో 300 రూపాయలు సామాన్యునకు చిన్న మొత్తము కాదు.

ఇట్టి బండి చేతికి వచ్చినచో దానినెక్కి నలుగురిలో తిరుగుటకే ఎవరైనను త్వరపడుదురు. నాయుడు దానిని విప్పుటకు కూర్చుండెను. మూడేండ్ల కష్టార్జితము ముక్కలుముక్కలుగా నేలపై పఱవబడెను. మరల కూర్చలేకపోయినచో ఆతనికి మిగులునది తుక్కు ఇనుము మాత్రమే. ఇది ఇట్లని చెప్పు గురువు లేడు. చెడినచో బాగుచేయు నేర్పరి ఊరిలో లేడు. ఐనను ఆతడు వెనుదీయలేదు. ఆతనికి యంత్రమే గురువు, యంత్రమే పుస్తకము.

యంత్రమును విప్పుట సులభము, కూర్చుట కష్టము. అట్టి బండిలో సిలిండరను ఇనుప గొట్టమును, దానిలో క్రిందికి మీదికి కదలు పిస్టనును ఉండును. కార్బ్యురేటరు పెట్రోలును సన్నని తుంపరగా చేసి గాలితో కలుపును. పిస్టను మొదట ఆ మిశ్రమమును లోనికి పీల్చును. పిదప దానిని అదుమును. మాగ్నెటో పుట్టించు విద్యుత్తువలన రేగిన నిప్పురవ్వతో ఆ మిశ్రమము భగ్గున మండి పిస్టనును క్రిందికి నెట్టును. తుదకు పిస్టను మీదికి వచ్చుచు కాలిన పొగను వెలికి త్రోయును. ఈ నాలుగు పనులును ఒకదాని వెంట నొకటి ఎడతెగక జరుగుచుండును. ఆ బలమును ఒక పట్టా వెనుక చక్రమునకు అందించును. వీనిలో ఏ యొక్కటి క్రమము తప్పినను బండి కదలదు. ఎద్దు లేకయే చక్రము తిరుగుటలోని మర్మ మిదియే.

పాత బండిని బాగుచేయువారందఱును మొదట నేర్వవలసిన పాఠములు కొన్ని కలవు. తీసిన వస్తువును తీసిన వరుసలోనే ఉంచవలెను. ఏ మఱచీల ఏ రంధ్రమునకు చెందినదో గుర్తుంచుకొనవలెను. బిగిసిన దానిని బలముతో విఱువక, నూనె పోసి ఓర్పుతో వదలింపవలెను. అన్నిటికంటె ముఖ్యముగ, మురికిపట్టిన దానికిని అరిగిన దానికిని గల భేదమును కనిపెట్టవలెను. మురికిపట్టినదానిని తుడిచిన చాలును. అరిగినదానిని మార్చక తప్పదు. ఈ భేద మెఱుగనివాడు మంచి వస్తువును పాఱవేసి, చెడ్డదానిని మరల బిగించును. ఇవి యేవియు నోటితో వల్లించిన వచ్చునవి కావు. నాయుడు వీనిని తన సొంత బండిపైననే, తన సొమ్మును పణముగా నొడ్డి నేర్చుకొనెను. విప్పిన బండిని ఆతడు మరల కూర్చెను. అది నడచెను. ఆ దినముననే ఆతని నిజమైన విద్యాభ్యాసము మొదలైనదని చెప్పవచ్చును.

ఐనను భాగ్యలక్ష్మి ఆతనిని వెంటనే వరింపలేదు. తిరుప్పూరులో ప్రత్తినుండి గింజలు వేఱుచేయు మిల్లు నడపి కొంత లాభము గడించెను. ఆ లాభముతో బొంబాయికి పోయి ప్రత్తి వ్యాపారమున దిగి, ఉన్నదంతయు పోగొట్టుకొనెను. ధరలు ఎక్కుటయు, దిగుటయు ఆతని చేతిలోనివి కావు. కంటికి కనబడని ఆ జూదమున ఆతని చేతినేర్పు అక్కఱకు రాలేదు. వట్టిచేతులతో తిరిగివచ్చిన ఆతనికి కోయంబత్తూరులో మొదటి నూలుమిల్లును నెలకొల్పిన రాబర్టు స్టేన్సు అను ఆంగ్లేయుడు ఆశ్రయమిచ్చెను. ఆ యువకునికడ ధనము లేకున్నను పనితన మున్నదని స్టేన్సు గ్రహించెను. ఆయన చేసిన సహాయముతో 1920 లో నాయుడుగారు ఒక బస్సు కొనిరి.

ఆ బస్సును వారు పొల్లాచినుండి పళనికి నడపిరి. పళని సుబ్రహ్మణ్యస్వామి వెలసిన కొండ. యాత్రికులు ఎల్లప్పుడును వచ్చుచుందురు. దారి 60 కిలోమీటర్లకు పైబడినది. యజమానియు నాయుడుగారే, డ్రైవరును నాయుడుగారే. ఆ దినములలో మోటారు బండ్లు విదేశములనుండి ఓడలలో వచ్చుచుండెను. ఒక చిన్న భాగము విఱిగినను, క్రొత్తది సముద్రము దాటి రావలసినదే. అది వచ్చువఱకు బండిని నిలిపినచో రాబడి లేదు. రాబడి లేనిచో అప్పు తీరదు. కావున బండిని తామే బాగుచేసికొనుట వారికి వేడుక కాదు, జీవనాధారము. నాడు మోటారు సైకిలును విప్పి నేర్చిన విద్య నేడు అన్నము పెట్టెను.

ఒక్క బస్సు పెక్కు బస్సు లాయెను. ఆ సంస్థకు యూనివర్సల్ మోటారు సర్వీసని పేరు. వేళ తప్పక నడచుటయందును, బండ్లను చక్కగా కాపాడుకొనుటయందును అది దేశమున పేరు పొందెను. చెడిన పిదప బాగుచేయుట సామాన్యుని పద్ధతి. చెడకమునుపే కనిపెట్టి సవరించుట నేర్పరి పద్ధతి. బస్సులు వందల మైళ్లు తిరుగు సంస్థకు ఈ రెండవ పద్ధతియే శరణ్యము.

బాగుచేయుటకును మెఱుగుపఱచుటకును నడుమ దూరము ఒక్క అడుగే. మెఱుగుపఱచుటకును నూతనముగ నిర్మించుటకును నడుమ మఱియొక అడుగు. నాయుడుగారు ఆ రెండడుగులును వేసిరి. పొడి బ్యాటరీలతో నడచు చిన్న మోటారుగల క్షురయంత్రమును వారు రూపొందించిరి. రసాంత్ అను పేరుగల ఆ యంత్రము జర్మనీ దేశమున తయారై అమ్ముడుపోయెను. పండ్లరసము తీయు యంత్రము, కిరసనాయిలుతో తిరుగు పంకా, మోసమునకు తావీయని ఓట్ల యంత్రము వారి యూహనుండి పుట్టినవే. 1937 లో కోయంబత్తూరు చెంతనున్న పీలమేడున బాలసుందరం నాయుడుగారితో కలసి వెలువరించిన విద్యుత్ మోటారు, మన దేశమున తయారైన తొలి మోటారుగా పేరొందినది. 1941 లో ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారుచేయ గలనని వారు ప్రకటించిరి. ఏ వస్తువునైనను సామాన్యునకు అందుబాటు ధరకు తేవలెనను పట్టుదల వీనియన్నిటను కానవచ్చును.

1944 లో నాయుడుగారు మోటారు వ్యాపారమునుండి విరమించి, తమ ధనమును విద్యకును, కార్మికుల క్షేమమునకును వినియోగింప సాగిరి. వారి విరాళముతో 1945 లో కోయంబత్తూరున సాంకేతిక విద్యాలయము వెలసెను. నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాలకు అదియే మూలము. ప్రాథమిక తరగతులు దాటని వ్యక్తి ఇంజనీరింగు కళాశాలకు ప్రిన్సిపాలగుట అపూర్వము. నాలుగేండ్ల చదువును రెండేండ్లలో నేర్పవచ్చునని వారి నమ్మకము. పనిముట్టు పట్టిన చేతికి విద్య త్వరగా అబ్బునని వారు స్వానుభవమున ఎఱిగిరి. ప్రభుత్వము దాని కంగీకరింపలేదు. నాయుడుగారు పదవిని వదలుకొనిరి.

అంతకంటె పెద్ద ఆశాభంగము పిదప కలిగెను. 1952 లో వారు ఇద్దఱు కూర్చుండదగిన చిన్న పెట్రోలు కారును తయారుచేసిరి. దాని వెల 2,000 రూపాయలు మాత్రమే. కారనునది ధనవంతుల ద్వారముననే కనబడు ఆ కాలమున అది సాహసోద్యమము. కాని 1951 నాటి పరిశ్రమల చట్టము ననుసరించి లైసెన్సు లేనిదే ఇట్టి కర్మాగారము నడపరాదు. ఆ లైసెన్సు నాయుడుగారికి లభింపలేదు. తయారీ ఆగిపోయెను. చేయగల చేతులున్నవి, చేసి చూపిన బండి యున్నది. చేయుటకు అనుమతి మాత్రము లేదు. సామాన్య కుటుంబము కొనదగిన చిన్న కారు దేశమున విరివిగా వెలువడుటకు 1983 డిసెంబరున మారుతి 800 వచ్చువఱకు ఆగవలసి వచ్చెను. నడుమ ఒక తరము గడచిపోయెను.

నాయుడుగారు దీనికి క్రుంగిపోలేదు. పైరులపై పరిశోధనలు చేసిరి. యంత్రములను బాలురకును పెద్దలకును చూపి వివరించిరి. 1967 లో వారి పేరిట పారిశ్రామిక ప్రదర్శనశాల ఏర్పడెను. 1974 జనవరి 4 వ తేదీన వారు దివంగతులైరి. వారి ధర్మసంస్థ ఆధ్వర్యమున కోయంబత్తూరున పాత కార్ల ప్రదర్శనశాలయు వెలసినది. కాలము చెల్లినవని లోకము త్రోసివేసిన బండ్లు అచ్చట మెఱుగులు దిద్దబడి నిలిచియున్నవి.

ఇటీవల 2019 లో పెనుకొండ సమీపమున ఎఱ్ఱమంచి యొద్ద నెలకొన్న కర్మాగారమునుండి కియా కార్లు వెలువడినవి. ఒకప్పుడు ఎద్దుబండ్లే తిరిగిన నేలపై నేడు కార్లు పుట్టుచున్నవి. మఱియొక ప్రక్క హిందూపురము, ధర్మవరము, నల్లమాడ దారులలో ఏండ్లు నిండిన చిన్న కారును ఎవరో ఒకరు మూత ఎత్తి, నల్లబడిన చేతులతో బాగుచేసికొనుచుండుట చూడవచ్చును. కర్మాగారమున కారును కూర్చుటయు విద్యయే. చెట్టునీడను పాత కారును బ్రదికించుటయు విద్యయే. మొదటిదానికి రెండవది పునాది యని నాయుడుగారి జీవితము చాటుచున్నది.

నాయుడుగారు బడి మానుట మనకు ఆదర్శము కాదు. తాము కోల్పోయినదాని విలువ నెఱిగినందువలననే కాబోలు, వారు కళాశాలకు ధన మొసగిరి. మనము నేర్వవలసినది వేఱొకటి కలదు. కష్టపడి సంపాదించిన దానిని ముక్కలుగా విప్పి చూచు ధైర్యమును, ఆ ముక్కలను ఒక్కటియు పోనీయక మరల కూర్చు ఓర్పును వారియం దొక్కచోట నుండినవి. ధైర్యము మాత్రమే యున్నచో బండి తుక్కగును. ఓర్పు మాత్రమే యున్నచో దాని మర్మము తెలియదు. రెండును కలిసిన చోటనే విద్య నిలుచును.