ట్రెజరీ షరాబు వ్రాసిన నక్షత్రాల చిట్టా

ఈ ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితాన్ని గూర్చి వ్రాసి ఇవ్వవలసిందిగా మన కార్యదర్శి గారు కోరారు. దేశ నాయకులను గూర్చి, కవులను గూర్చి వ్రాయగలవారు మన సంఘంలో చాలామందే ఉన్నారు. ముప్ఫై ఏళ్ళకు పైగా ఫైళ్ళు, రిజిస్టర్ల మధ్య బ్రతికిన గుమాస్తాను గనుక, మనవంటి ఒక చిన్న ఉద్యోగిని గూర్చి వ్రాయాలని నాకు అనిపించింది. ఆయన పేరు రాధాగోవింద చంద్ర. బెంగాలీలలో విజ్ఞానశాస్త్రం మీద ఆసక్తి గలవారందరూ ఎరిగిన పేరు. మన తెలుగువారికి అంతగా పరిచయం లేదు.

రాధాగోవింద గారు 1878 జులైలో, ఆనాటి బెంగాల్‌లోని జెస్సోర్ పట్టణం దాపున బాగ్‌చర్ గ్రామంలో జన్మించారు. ఆ ఊరు ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. తండ్రి ఒక డాక్టరు గారి దగ్గర సహాయకులు. బడిలో చదివేటప్పుడు అక్షయ్ కుమార్ దత్త వ్రాసిన వాచకంలో బ్రహ్మాండం ఎంత పెద్దదో వివరించే పాఠం ఒకటి ఉండేది. ఆ పాఠం పిల్లవాడి మనసులో నాటుకుపోయింది. కాని రాత్రిపూట ఆకాశం వంక చూసినంత శ్రద్ధగా పగటిపూట పుస్తకం వంక చూడలేదు కాబోలు, ఎంట్రన్సు పరీక్ష మూడుసార్లు తప్పారు. ఇక చదువు చాలించి, జెస్సోర్ కలెక్టరేటు ట్రెజరీలో షరాబుగా చేరారు. జీతం నెలకు 15 రూపాయలు.

షరాబు పని ఏమిటో మన పాత తరంవారికి చెప్పనక్కరలేదు. వచ్చిన నాణేలను లెక్కపెట్టాలి, మంచిదేదో చెల్లనిదేదో కంటితో, చెవితో పోల్చి తేల్చాలి. పొరపాటు జరిగితే తన జీతంలో నుంచే కట్టుకోవాలి. రెండు వస్తువులను పక్కపక్కన పెట్టి వాటి తేడా కనిపెట్టే ఆ అలవాటే తరువాత ఆయనకు ఆకాశంలోనూ అక్కరకు వచ్చిందని నా ఊహ.

ఆ పట్టణంలో కాళీనాథ్ ముఖర్జీ అనే వకీలు గారు నక్షత్ర పటాలు తయారు చేస్తూ ఉండేవారు. ఆయన సాయంతో రాధాగోవింద గారు నక్షత్రాలను గుర్తు పట్టడం నేర్చుకున్నారు. 1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు చిన్న బైనాక్యులర్స్‌తో దాన్ని శ్రద్ధగా పరిశీలించి, చూసినదంతా వ్యాసంగా ప్రకటించారు. అది చదివిన శాంతినికేతన్ సైన్సు ఉపాధ్యాయులు జగదానంద రాయ్ గారు టెలిస్కోపు కొనుక్కోమని సలహా ఇచ్చారు. సలహా ఇవ్వడం తేలికే. షరాబు జీతంతో సంసారం ఈదేవాడికి సీమ నుంచి టెలిస్కోపు తెప్పించుకోవడం ఎంత భారమో మనం ఊహించుకోవచ్చు. అయినా 1912లో ఇంగ్లండు నుంచి మూడు అంగుళాల టెలిస్కోపు తెప్పించారు. అప్పటికి ఆయన వయసు 34.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది 1918 జూన్ 7వ తేదీ రాత్రి. గరుడ మండలంలో, అంటే మన శ్రవణా నక్షత్రం ఉండే చోట, మునుపెన్నడూ చూడని ఒక ప్రకాశవంతమైన చుక్క ఆయన కంట పడింది. ఏ చుక్క ఎక్కడ ఉంటుందో కంఠతా వచ్చినవాడికే కొత్తగా వచ్చినది తెలుస్తుంది. అది నిజంగా కొత్తగా పుట్టిన నక్షత్రం కాదు. అంతకు ముందు కంటికి ఆననంత మసకగా ఉండి, అకస్మాత్తుగా వేల రెట్లు వెలిగినది. దీన్ని నోవా అంటారు. ఆ ఒకటి రెండు రాత్రులలోనే ప్రపంచంలో పలుచోట్ల మరికొందరూ దాన్ని గమనించారు. ఎవరి సాయమూ లేకుండా తనంతట తాను కనిపెట్టిన కొద్దిమందిలో మన షరాబు గారొకరు.

ఆయన ఆ వివరాలు అమెరికాలోని హార్వర్డ్ నక్షత్రశాల అధిపతి ఎడ్వర్డ్ పికరింగ్ గారికి వ్రాసి పంపారు. పికరింగ్ గారు పుస్తకాలు, నక్షత్ర పటాలు పంపి ప్రోత్సహించారు. వెలుగు మారే నక్షత్రాలను పరిశీలించే ఔత్సాహికులు 1911లో అమెరికాలో ఒక సంఘం పెట్టుకున్నారు. రాధాగోవింద గారు అందులో చేరి, 1919 నుంచి తన పరిశీలనలు పంపడం మొదలుపెట్టారు.

ఇంతకీ ఆ పని ఏమిటి? కొన్ని నక్షత్రాల వెలుగు ఎప్పుడూ ఒక తీరున ఉండదు. తిమింగలం మండలంలోని మీరా అనే నక్షత్రం సుమారు 332 రోజులకొకసారి కంటికి బాగా కనిపిస్తుంది, మళ్ళీ తగ్గి తగ్గి టెలిస్కోపు లేనిదే కనిపించకుండా పోతుంది. నక్షత్రాల వెలుగుకు మన ఉద్యోగాలలో లాగే గ్రేడులున్నాయి. ఒకటో గ్రేడువి బాగా వెలిగేవి, ఆరో గ్రేడువి మామూలు కంటికి ఆనీ ఆననివి. పరిశీలకుడు తాను చూస్తున్న చుక్కను, గ్రేడు ముందే తెలిసిన ఇరుగుపొరుగు చుక్కలతో పోల్చాలి. ఒక పక్క చుక్క 7.2, ఇంకొకటి 7.8 అనుకోండి, మనది రెండింటికీ నడిమధ్య ఉంటే 7.5 అని వ్రాయాలి. తేదీ, సమయం వేయాలి. అంతే పని. వినడానికి ఇంత సులువు. అయితే ఆ నక్షత్రం ఈ రాత్రి ఎలా ఉందో ఈ రాత్రే వ్రాయాలి. చిట్టాలో పద్దు మర్నాడు వేసుకోవచ్చు, ఇక్కడ కుదరదు. చూడకుండా వదిలేసిన రాత్రి తాలూకు గడిని ఎంతటి శాస్త్రవేత్త అయినా తరువాత నింపలేడు.

1919 నుంచి 1954 వరకు ఆయన పంపిన పరిశీలనలు 37,215. ముప్ఫై అయిదేళ్ళకు పంచి చూస్తే ఏటా వెయ్యికి పైబడి. బెంగాలు వర్షాకాలం మబ్బులు తీసివేసి లెక్క వేస్తే, తెరిపి ఉన్న ప్రతి రాత్రీ ఆయన మెలకువగానే ఉన్నారనిపిస్తుంది. పగలంతా కచేరిలో నాణేలు, రాత్రి ఇంటి దగ్గర చుక్కలు.

ఈ కష్టానికి గుర్తింపు కూడా వచ్చింది. ఆయన మూడు అంగుళాల టెలిస్కోపుతో పడుతున్న అవస్థ తెలుసుకుని, 1926లో ఆ అమెరికా సంఘం వారు ఆరు అంగుళాల టెలిస్కోపును సముద్రాలు దాటించి ఆయనకు పంపారు. అది అంతకు ముందు చార్లెస్ ఎల్మర్ అనే సభ్యునిది. ఆయన కోర్టులలో వాదనలు షార్ట్‌హాండ్‌లో వ్రాసే సంస్థ నడిపినవారు. అంటే ఒక రకంగా వారూ మనవారే. 1928లో ఫ్రెంచి ప్రభుత్వం రాధాగోవింద గారికి బిరుదునిచ్చి పతకంతో గౌరవించింది. మూడుసార్లు ఎంట్రన్సు తప్పిన మనిషికి విద్యారంగ సేవకు ఇచ్చే పతకం దక్కింది.

1947లో దేశ విభజన జరిగింది. జెస్సోర్ పాకిస్తాన్‌లోకి పోయింది. పుట్టిన ఊరు విడిచి, ఆ కుటుంబం కలకత్తా దగ్గర బారాసాత్‌కు తరలి వచ్చింది. డెబ్బయి ఏళ్ళు పైబడిన వయసులో, ఉన్న ఊరూ ఇల్లూ పోగొట్టుకున్నా, చుక్కల పద్దు మాత్రం 1954 దాకా ఆపలేదు. అప్పటికి ఆయనకు 76 ఏళ్ళు. ఇప్పుడు నా వయసూ దాదాపు అంతే గనుక, ఈ సంఖ్య దగ్గర నా కలం కాసేపు ఆగింది. ఆయన చివరి రోజులు పేదరికంలో గడిచాయి. విదేశాలవారు నెత్తిన పెట్టుకున్న మనిషిని మనవారు పెద్దగా పట్టించుకోలేదు. 1975 ఏప్రిల్‌లో, తొంభై ఏడవ ఏట కన్నుమూశారు.

ఆరు అంగుళాల టెలిస్కోపు సంగతి కూడా చెప్పాలి. ఆయన పరిశీలనలు ముగించాక అది మరొక యోగ్యునికి చేరాలన్నది అమెరికా సంఘం వారి కోరిక. అది వేణు బప్పు గారి చేతికి వచ్చింది. ఈయన మన హైదరాబాదులో పెరిగినవారు. తండ్రి గారు నిజామియా నక్షత్రశాల ఉద్యోగి. వేణు బప్పు గారు నిజాం కాలేజీ విద్యార్థిగా ఉన్నప్పుడే ఈ వెలుగు మారే నక్షత్రాలను పరిశీలించి వ్యాసాలు ప్రకటించారు. ఆ టెలిస్కోపు చివరకు తమిళనాడులో మన చిత్తూరు వైపు కొండలకు అంత దూరం కాని కావలూరు నక్షత్రశాలకు చేరింది.

ఇంటి పెరటి నుంచి ఆకాశాన్ని చదవడం మన ప్రాంతానికీ కొత్త కాదు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు గారు 1840లోనే తమ ఇంటి దగ్గర నక్షత్రశాల కట్టుకున్నారు. వారి తరువాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని నడిపించారు. అయితే వారు సిరిసంపదలు గల జమీందారీ కుటుంబీకులు. రాధాగోవింద గారు నెల జీతం మీద బ్రతికినవారు. అందుకే ఆయన నాకు మరీ దగ్గరివారనిపిస్తారు.

మన సర్వీసులో మనం వ్రాసిన రిజిస్టర్లు చాలావరకు ఎప్పుడో రికార్డు రూములలో చెదలుపట్టి పోయాయి. జీవితమంతా వ్రాసిన వ్రాతలు దేనికి పనికొచ్చాయని మన మిత్రులు నిట్టూర్చడం నేను చాలాసార్లు విన్నాను. ఒక ట్రెజరీ షరాబు తేదీ వేసి, అంకె వేసి, నిజాయితీగా వ్రాసిన పద్దులు ఈనాటికీ ఆ సంఘం దస్తావేజులలో భద్రంగా ఉన్నాయి. ఒక నక్షత్రం వందేళ్ళలో ఎలా మారిందో తెలుసుకోవాలనుకునేవారికి అవి కావాలి. ఉన్నది ఉన్నట్లు వ్రాసిపెట్టడం అనే గుమాస్తా పని అంత తక్కువదేమీ కాదు.

ఇప్పుడు టెలిస్కోపు లేకపోయినా చింత లేదు. ఏడు రెట్లు పెద్దదిగా చూపే, యాభై మిల్లీమీటర్ల అద్దాల బైనాక్యులర్స్ చాలు. మోచేతులు మేడ పిట్టగోడ మీద ఆనించి పట్టుకుంటే మనబోటివారి చేతి వణుకు అడ్డు రాదు. కృత్తికలు ఆరు కాదని, పదుల సంఖ్యలో ఉన్నాయని మనుమలకు చూపించవచ్చు. పక్కన ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. తేదీ వేయడం మనకెవరూ నేర్పనక్కరలేదు.