పంట పండని లోయలో ఒక కుటుంబం: బీబీ హాజిరా (అలైహస్సలాం)

హజ్ చేసి తిరిగొచ్చిన బంధువుల ఇంటికి మనం సలాం చెప్పడానికి వెళితే, వాళ్ళు మన చేతిలో పెట్టేవి సాధారణంగా రెండే. కొన్ని ఖర్జూరాలు, చిన్న గ్లాసులో జమ్ జమ్ నీళ్ళు. బిస్మిల్లాహ్ అని తాగుతాం, మనసులో ఏదో ఒక దుఆ చేసుకుంటాం. సుమారు నాలుగు వేల ఏళ్ళ క్రితం ఒక తల్లి దగ్గర మిగిలినవి కూడా ఇలాంటివే. ఒక తోలు సంచిలో ఖర్జూరాలు, ఒక తోలు తిత్తిలో నీళ్ళు. ఒడిలో పాలు తాగే బిడ్డ. కనుచూపు మేరలో మనిషన్నవాడు లేడు. ఆ తల్లి బీబీ హాజిరా (అలైహస్సలాం).

ఆమె జీవితాన్ని గురించి మనకు తెలిసినదంతా ఒక ఇంటిని కొత్తచోట నిలబెట్టడం చుట్టూనే తిరుగుతుంది. కనుక మేము ఈ వ్యాసంలో ఆ సంగతినే ప్రధానంగా తీసుకుంటున్నాము.

ఆమె స్వస్థలం ఈజిప్టు. దైవప్రవక్త హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) ఏకదైవారాధన బోధించినందుకు సొంత జాతివారే ఆయన్ని అగ్నిలో పడవేశారు. అల్లాహ్ ఆయన్ని ఆ అగ్ని నుంచి కాపాడాడు. ఆ తర్వాత ఆయన పుట్టిన గడ్డను వదిలి షామ్ దేశం వైపు హిజ్రత్ చేశారు. మధ్యలో ఒక దుర్మార్గపు రాజు ఏలుబడిలోని ప్రాంతానికి చేరినప్పుడు, ఆ రాజు ఆయన ధర్మపత్ని హజ్రత్ సారాను బలవంతంగా పిలిపించుకున్నాడు. ఆమె అల్లాహ్‌ను వేడుకున్నారు. రాజు చెయ్యి బిగుసుకుపోయింది. చివరికి భయపడి, హాజిరాను ఆమెకు సేవకురాలిగా ఇచ్చి పంపాడు. సారా తిరిగొచ్చేసరికి ఇబ్రాహీం (అ) నమాజులో నిలబడి ఉన్నారని సహీహ్ బుఖారీ హదీసులో ఉంది. హాజిరా ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజు చూసింది అదే, ఆపద వేళ నమాజును ఆశ్రయించే మనుషులను.

అలా ఆమె మొదటిసారి ఊరు వదిలారు. ఆ తర్వాత ఫలస్తీనాలో ఇబ్రాహీం (అ) ఇంట ఆమెకు ఇస్మాయీల్ (అ) జన్మించారు. ముసలితనంలో కలిగిన సంతానం, ఎన్నాళ్ళుగానో కోరుకున్న బిడ్డ. ఆ బిడ్డ ఇంకా పాలు తాగుతుండగానే ఆమెకు రెండో ప్రయాణం ఎదురైంది.

ఈ ప్రయాణాన్ని కొందరు ఉపన్యాసకులు సవతుల గొడవగా చెప్పి ముగించేస్తుంటారు. ఇంట్లో కొంత మనస్పర్థ ఉన్నట్టు హదీసులో ప్రస్తావన ఉన్న మాట నిజమే. కానీ అసలు కారణం అది కాదని హాజిరా గారే అడిగి తెలుసుకున్నారు. ఆ సంభాషణకు ఇప్పుడే వస్తాము.

ఫలస్తీనా నుంచి మక్కాకు 1200 కిలోమీటర్ల పైమాటే. అప్పుడు మక్కా అనే ఊరు లేదు. నల్లటి కొండల మధ్య ఒక ఎండిన లోయ. కాబా గృహం ఉండాల్సిన స్థలం చిన్న దిబ్బలా కాస్త ఎత్తుగా ఉండేది. వాన వరద వస్తే దానికి కుడి ఎడమల నుంచి పారిపోయేది. ఆ దిబ్బ సమీపంలో ఒక పెద్ద చెట్టు కింద ఇబ్రాహీం (అ) తల్లీబిడ్డలను దించారు. ఖర్జూరాల సంచి, నీళ్ళ తిత్తి పక్కన పెట్టారు. వెనుదిరిగారు.

హాజిరా వెంట నడిచారు. మనుషులూ లేని, ఏ వస్తువూ దొరకని ఈ లోయలో మమ్మల్ని వదిలి ఎక్కడికి వెళ్తున్నారని అడిగారు. మళ్ళీ మళ్ళీ అడిగారు. ఆయన వెనక్కి తిరగలేదు. అప్పుడు ఆమె ప్రశ్నను మార్చారు. ఇది అల్లాహ్ ఆజ్ఞా అని అడిగారు. ఔనన్నారు ఆయన. అయితే అల్లాహ్ మమ్మల్ని వృథాగా పోనివ్వడు అని చెప్పి ఆమె బిడ్డ దగ్గరకు వెళ్ళిపోయారు.

ఆమె ఏడవలేదని గానీ భయపడలేదని గానీ హదీసు చెప్పడం లేదు. తెలుసుకోవలసిన ఒక్క విషయం తెలుసుకున్నారు. తెలిసిన తర్వాత మరో ప్రశ్న వేయలేదు.

ఇబ్రాహీం (అ) నడుస్తూ నడుస్తూ కనుమ దాకా వెళ్ళారు. అక్కడి నుంచి వాళ్ళకు ఆయన కనిపించరు. అక్కడ ఆగి, అల్లాహ్ గృహం ఉండాల్సిన దిక్కుకు ముఖం తిప్పి, రెండు చేతులూ ఎత్తి దుఆ చేశారు. భార్యాబిడ్డల ముందు తిరిగి చూడని ఆ తండ్రి, వాళ్ళ కంటపడని చోటు చేరాకనే చేతులెత్తారు. ఎందుకని? ఆ చూపు కలిస్తే కాళ్ళు కదలవేమోనని మాకు అనిపిస్తుంది.

ఆ దుఆ దివ్య ఖుర్‌ఆన్‌లోని ఇబ్రాహీం సూరాలో ఉంది. దాన్ని మనం తరచూ చదువుతాం గానీ, అందులోని వరుసను అంతగా పట్టించుకోము. ముందు ఉన్న పరిస్థితిని ఉన్నట్టు విన్నవించుకున్నారు. నా సంతానంలో కొందరిని పంట పండని లోయలో, నీ పవిత్ర గృహం దగ్గర నివసింపజేశానని చెప్పుకున్నారు. వెంటనే ఉద్దేశం చెప్పారు, వాళ్ళు నమాజు స్థాపించడానికి. ఆ తర్వాతే కోరిక. ఆ కోరికలో కూడా మొదటిది తిండి కాదు. ప్రజల్లో కొందరి హృదయాలు వాళ్ళ వైపు మొగ్గేలా చేయమన్నారు. అటుపైన ఫలాలు ప్రసాదించమన్నారు. వాళ్ళు కృతజ్ఞులై ఉంటారేమోనని.

కొందరి హృదయాలు అన్న మాట మీద తొలితరం వ్యాఖ్యాతలు చక్కని విషయం చెప్పారు. ఆయన అందరి హృదయాలు అని ఉంటే పారశీకులు, రోమీయులు, సమస్త ప్రజలు అక్కడికి ఎగబడి ఉండేవారట.

మన ఇళ్ళలో ఉద్యోగం కోసమో పిల్లల చదువు కోసమో ఒక కుటుంబం కొత్త ఊరికి మారుతుందనుకోండి. అద్దె ఎంత, నీటి వసతి ఉందా, బస్టాపు ఎంత దూరం, ఇవన్నీ విచారిస్తాం. విచారించడం తప్పు కాదు. మస్జిదు ఎంత దూరం, ఇరుగుపొరుగు ఎలాంటి వాళ్ళు అన్నవి మాత్రం సామాన్లు దించాక గుర్తుకొస్తాయి. ఇబ్రాహీం (అ) వరుస దీనికి తలకిందులుగా ఉంది.

మరొక్కటి గమనించండి. ఆ దుఆలో నీళ్ళ ప్రస్తావన లేదు. తిత్తిలోని నీళ్ళు మాత్రం అయిపోయాయి.

తల్లికి దాహం, పాలు లేక బిడ్డకు దాహం. బిడ్డ గిలగిలలాడుతుంటే చూడలేకపోయారు. దగ్గరలో ఉన్న కొండ సఫా. దానిపైకెక్కి లోయ వైపు చూశారు, ఎవరైనా కనిపిస్తారేమోనని. ఎవరూ లేరు. దిగారు. లోయ అడుగుకు చేరగానే వస్త్రం అంచు ఎత్తిపట్టుకుని, కష్టంలో ఉన్న మనిషి పరుగెత్తినట్టు పరుగెత్తారు. పల్లం దాటి మర్వా ఎక్కారు. అక్కడా ఎవరూ లేరు. ఇలా ఏడుసార్లు. ఆ రెండు కొండల మధ్య ఏడుసార్లు తిరిగితే మొత్తం దూరం దాదాపు మూడు కిలోమీటర్లు అవుతుంది. రాళ్ళ నేల మీద, ఖాళీ కడుపుతో, ప్రాణం బిడ్డ మీద పెట్టుకుని.

అల్లాహ్ మమ్మల్ని వృథాగా పోనివ్వడని చెప్పిన మనిషే ఈ పరుగు తీశారు. తవక్కుల్ అంటే చెట్టు కింద కూర్చుని ఎదురుచూడడం అని ఆమె అనుకోలేదు. అలాగని తన పరుగే నీళ్ళు తెస్తుందనీ అనుకోలేదు. ఆ పరుగు వల్లనే ప్రజలు సఫా మర్వాల మధ్య సయీ చేస్తున్నారని మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తెలియజేశారు. నేడు సయీ చేసే పురుషులు పచ్చ దీపాల మధ్య త్వరత్వరగా నడుస్తారు, స్త్రీలు మామూలు నడకతోనే వెళ్తారు. ఒక స్త్రీ తీసిన పరుగు పురుషులకు ఆచరణగా మిగిలిందన్నమాట.

ఏడోసారి మర్వా మీద ఉండగా ఏదో శబ్దం వినిపించింది. తనను తానే ఊరుకోమని చెప్పుకుని చెవులు రిక్కించారు. మళ్ళీ వినిపించింది. సాయం చేయగలిగితే చేయమని కేక వేశారు. చూస్తే, నేడు జమ్ జమ్ ఉన్న చోట దైవదూత నిలబడి ఉన్నారు. మడమతోనో రెక్కతోనో నేలను తవ్వగా నీళ్ళు ఉబికాయి. ఆమె చేతులతో మట్టి చుట్టూ పోసి మడుగులా కట్టారు. దోసిళ్ళతో తిత్తి నింపుకున్నారు. ఎంత తోడినా ఊట ఆగలేదు. ఆమె అలా కట్టకుండా వదిలేసి ఉంటే జమ్ జమ్ పారే సెలయేరై ఉండేదని మహాప్రవక్త (స) చెప్పారు. దాహంతో ఉన్న తల్లి నీళ్ళు వృథా కాకుండా అడ్డుకట్ట వేయకుండా ఎలా ఉండగలదు? ఆ మాట చెబుతూనే ఆయన (స) ఆమెను అల్లాహ్ కరుణించాలని దుఆ చేశారు.

భయపడవద్దని దైవదూత ఆమెకు ధైర్యం చెప్పారు. ఇక్కడ అల్లాహ్ గృహం ఉంటుందని, ఈ పిల్లవాడు, అతని తండ్రి కలిసి దాన్ని నిర్మిస్తారని శుభవార్త వినిపించారు.

ఆ నీళ్ళే మనుషులను తెచ్చాయి. యమన్ మూలం గల జుర్హుమ్ తెగవారు కొందరు ఆ దారిన వెళ్తూ మక్కా దిగువన బస చేశారు. ఆకాశంలో ఒక పక్షి ఒకే చోట చుట్లు తిరుగుతూ కనిపించింది. అది నీటి మీద తిరిగే పక్షి. ఈ లోయ మనకు తెలిసిందే, ఇందులో నీళ్ళెక్కడివి అని ఆశ్చర్యపడి మనిషిని పంపారు. నీళ్ళున్న మాట నిజమేనని అతను వచ్చి చెప్పాడు. అందరూ వచ్చారు. నీళ్ళ దగ్గర ఒక స్త్రీ, ఆమె బిడ్డ.

ఇక్కడ మేము కాస్త ఆగి చెప్పదలచాము. వచ్చినవాళ్ళు ఒక తెగ, ఆమె ఒంటరి. వాళ్ళు తలచుకుంటే అడగనక్కరలేదు. కానీ అడిగారు. మీ దగ్గర ఉండడానికి మాకు అనుమతిస్తారా అన్నారు. ఉండవచ్చు, అయితే ఈ నీటి మీద మీకు హక్కు ఉండదని ఆమె షరతు పెట్టారు. వాళ్ళు ఒప్పుకున్నారు. ఆమెకు కూడా మనుషుల తోడు ఇష్టంగా ఉండేదని మహాప్రవక్త (స) తెలియజేశారు. తోడు కావాలి కదా అని బిడ్డ హక్కు వదులుకోలేదు, హక్కు ఉంది కదా అని దాహంతో వచ్చినవాళ్ళను తరిమేయలేదు. జుర్హుమ్ వాళ్ళు తమ కుటుంబాలను పిలిపించుకున్నారు. కొన్ని ఇళ్ళు లేచాయి. కనుమ దగ్గర ఒక తండ్రి అడిగిన హృదయాలు ఇవే.

ఇస్మాయీల్ (అ) వాళ్ళ మధ్యనే పెరిగారు, వాళ్ళ దగ్గరే అరబీ భాష నేర్చుకున్నారు. అందరికీ ఇష్టుడయ్యారు. మధ్యలో ఇబ్రాహీం (అ) కలగన్న ఖుర్బానీ పరీక్ష ఉంది. అది మన ఇళ్ళలో ప్రతి ఈదుల్ అజ్‌హాకూ చెప్పుకునేదే కనుక వివరించడం లేదు. యుక్తవయసు రాగానే జుర్హుమ్ తెగలోని అమ్మాయితో ఇస్మాయీల్ (అ)కు వివాహం జరిగింది. ఆ తర్వాత బీబీ హాజిరా ఈ లోకం విడిచి వెళ్ళారు.

సహీహ్ బుఖారీలోని క్రమాన్ని బట్టి చూస్తే అప్పటికి కాబా గృహం గోడలు లేవలేదు. దైవదూత నోట విన్న శుభవార్త ఆమె కళ్ళ ముందు నెరవేరలేదు. ఫలాలు కూడా ఆమె ఉన్న కాలంలో వచ్చి ఉంటాయని అనుకోలేము. ఎందుకంటే ఆమె మరణానంతరం ఇబ్రాహీం (అ) కొడుకును చూడడానికి వచ్చారు. మొదటిసారి ఇంట ఉన్న కోడలు ఇబ్బందులే చెప్పుకుంది. ఆయన గడప మార్చమని కొడుక్కి కబురు చెప్పి వెళ్ళారు. రెండోసారి వచ్చేసరికి ఇంట మరో కోడలు ఉంది. ఎలా ఉన్నారని అడిగితే, బాగున్నాము, అల్లాహ్‌కు స్తోత్రం అంది. ఏం తింటున్నారంటే మాంసం, ఏం తాగుతున్నారంటే నీళ్ళు అంది. ఆయన ఆ మాంసంలో, ఆ నీటిలో శుభం కలగాలని దుఆ చేశారు. అప్పుడు వాళ్ళ దగ్గర ధాన్యం లేదని, ఉంటే దానికోసమూ దుఆ చేసి ఉండేవారని మహాప్రవక్త (స) చెప్పారు. అంటే చెట్టు కింద దించిన పసిబిడ్డ పెరిగి పెద్దవాడై ఇల్లు కట్టుకున్నా, ఆ ఇంట్లో ఇంకా గింజ లేదు. వేటాడిన మాంసం, అమ్మ కట్టకట్టిన నీళ్ళు. అయినా ఆ కోడలికి లోటు కనిపించలేదు.

మూడోసారి ఇబ్రాహీం (అ) వచ్చినప్పుడు కొడుకు జమ్ జమ్ దగ్గర చెట్టు కింద కూర్చుని బాణాలు చెక్కుకుంటున్నారు. తండ్రిని చూడగానే లేచి ఎదురెళ్ళారు. అల్లాహ్ తనకొక ఆజ్ఞ ఇచ్చాడని, సాయం చేస్తావా అని తండ్రి అడిగారు. చేస్తానన్నారు ఇస్మాయీల్ (అ). కొడుకు రాళ్ళు మోసుకొచ్చి అందిస్తుంటే తండ్రి గోడ పేర్చారు. గోడ ఎత్తు పెరిగాక నిలబడేందుకు తెచ్చిన రాయే నేటి మఖామె ఇబ్రాహీం. మా ఈ పనిని స్వీకరించమని ఇద్దరూ వేడుకుంటూ కట్టారు.

తరాలు గడిచాయి. ఒక కాలంలో జమ్ జమ్ బావి పూడిపోయి ఆనవాలు కూడా లేకుండా పోయింది. మహాప్రవక్త (స) తాతగారైన అబ్దుల్ ముత్తలిబ్ దాన్ని మళ్ళీ తవ్వించారు. ఖురైషులు చలికాలంలోనూ వేసవిలోనూ సాగించిన వర్తక ప్రయాణాలను, వాళ్ళకు దొరికిన ఆహారాన్ని, భద్రతను ఖుర్‌ఆన్ ఒక చిన్న సూరాలో గుర్తుచేసింది. అన్ని రకాల ఫలాలు ఈ పవిత్ర స్థలానికి చేరవేయబడుతున్నాయని ఖసస్ సూరాలో ఉంది. ఈజిప్టును జయించే రోజు వస్తుందని, అక్కడి ప్రజలతో మంచిగా మెలగాలని, వాళ్ళతో బంధుత్వం ఉందని మహాప్రవక్త (స) తన సహచరులకు చెప్పారు. ఆ బంధుత్వం బీబీ హాజిరా ద్వారా వచ్చిందని పండితులు వివరించారు. ఒకప్పుడు ఆ దేశం నుంచి ఒంటరిగా బయలుదేరిన స్త్రీ పేరుమీద.