స్టాక్‌హోం నుంచి మెదక్ దాకా.. ఇందిరాగాంధీ జీవితంలో పర్యావరణ అధ్యాయం

చట్టాలు వచ్చాయి.. మూసివేత ప్రణాళికే వెనుకబడింది

ఇస్నాపూర్: ప్రపంచ వేదికపై పర్యావరణ పరిరక్షణ కోసం గళమెత్తిన తొలి తరం నేతల్లో ఇందిరాగాంధీ ఒకరు. దేశంలో జల, వాయు కాలుష్య నియంత్రణ చట్టాలు రెండూ ఆమె ప్రధానిగా ఉన్న కాలంలోనే వచ్చాయి. జీవితంలోని చివరి దశలో ఆమె లోక్‌సభలో ప్రాతినిధ్యం వహించినది మెదక్ నియోజకవర్గానికే. ఇస్నాపూర్, పాశమైలారం, పటాన్‌చెరు పారిశ్రామికవాడలు నాడు మెదక్ జిల్లాలోనివే. కాలుష్యానికి పగ్గాలు వేయాలని తలచిన నాయకురాలి పేరు, కాలుష్యానికి దేశవ్యాప్తంగా ఉదాహరణగా నిలిచిన ఈ ప్రాంతం పేరు చరిత్రలో పక్కపక్కనే నిలిచాయి.

ముస్సోరీకి తండ్రి లేఖలు

ఇందిర 1917 నవంబరు 19న అలహాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ, కమల దంపతులకు జన్మించారు. 1928 వేసవిలో పదేళ్ల ఇందిర ముస్సోరీ కొండల్లో ఉండగా, తండ్రి అలహాబాదు నుంచి వరుసగా లేఖలు రాశారు. భూమి పుట్టుక, రాళ్లు చెప్పే చరిత్ర, జీవుల ఆవిర్భావం ఆ లేఖల్లోని విషయాలు. ప్రకృతి పట్ల ఆమెకు కలిగిన ఆసక్తికి అక్కడే బీజం పడింది. శాంతినికేతన్‌లో రవీంద్రుని సన్నిధిలో, తరువాత ఆక్స్‌ఫర్డ్‌లో విద్యాభ్యాసం సాగింది. 1936లో తల్లి మరణించారు. 1942 మార్చిలో ఫిరోజ్ గాంధీతో వివాహం జరిగింది. అదే ఏడాది క్విట్ ఇండియా ఉద్యమంలో అరెస్టయి, నైనీ జైలులో ఎనిమిది నెలలకు పైగా గడిపారు. స్వాతంత్ర్యానంతరం తండ్రికి చేదోడుగా ఉంటూనే ఢిల్లీ పక్షి పరిశీలకుల సంఘంలో చేరారు. పక్షి శాస్త్రవేత్త సలీం అలీతో ఆమె సాగించిన స్నేహం కడదాకా నిలిచింది.

ప్రధానిగా తొలి అడుగులు

1966 జనవరి 24న ఆమె ప్రధానిగా ప్రమాణ స్వీకారం చేశారు. 1972 జూన్‌లో స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో ఐక్యరాజ్యసమితి మానవ పర్యావరణ సదస్సు జరిగింది. ఆతిథ్య దేశమైన స్వీడన్ ప్రధాని ఓలోఫ్ పామేను మినహాయిస్తే, దానికి హాజరైన ప్రభుత్వాధినేత ఆమె ఒక్కరే. పేద దేశాలు దారిద్ర్యాన్ని నిర్మూలించుకుంటూనే ప్రకృతినీ కాపాడుకోవాలన్నది జూన్ 14న ఆమె చేసిన ప్రసంగ సారాంశం.

స్వదేశంలో ఆ ఆలోచన చట్టరూపం దాల్చింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1974లో జల కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం వచ్చాయి. ఆ చట్టం కిందనే 1976లో ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి ఏర్పడింది. పౌరహక్కులను హరించిన అత్యవసర పరిస్థితి ఆమె పాలనకు మాయని మచ్చగా మిగిలింది. అదే కాలంలో, 1976లో చేసిన 42వ రాజ్యాంగ సవరణ పర్యావరణ పరిరక్షణను ప్రభుత్వ ఆదేశిక సూత్రాల్లోనూ, పౌరుల ప్రాథమిక విధుల్లోనూ చేర్చడం చరిత్రలోని వైచిత్రి.

గనుల విషయంలోనూ ఆమె పాలన మలుపు తెచ్చింది. 1971 నుంచి 1973 వరకు సాగిన బొగ్గు గనుల జాతీయీకరణతో ప్రైవేటు గనులు ప్రభుత్వపరమయ్యాయి. అప్పటికే ప్రభుత్వ ఆధీనంలో ఉన్న సింగరేణి ఆ పరిధిలోకి రాలేదు. లాభం ఉన్నంతవరకు తవ్వి, ఆపై వదిలేసే పద్ధతికి అడ్డుకట్ట వేయడం జాతీయీకరణకు చెప్పిన కారణాల్లో ఒకటి. అయితే తవ్వకం ముగిశాక ఆ నేలను ఎవరు, ఎవరి ఖర్చుతో బాగుచేయాలన్న నిబంధన మాత్రం నాడు రూపొందలేదు.

మెదక్ ఎంపీగా..

1977 ఎన్నికల్లో రాయ్‌బరేలీలో ఓటమి చవిచూసిన ఇందిర, 1980 జనవరిలో రాయ్‌బరేలీతోపాటు మెదక్ నుంచీ పోటీ చేశారు. మెదక్‌లో ఎస్.జైపాల్‌రెడ్డిపై రెండు లక్షలకు పైగా ఓట్ల ఆధిక్యంతో గెలుపొందారు. రెండు చోట్లా నెగ్గిన ఆమె రాయ్‌బరేలీని వదులుకుని మెదక్‌ను నిలుపుకొన్నారు. అదే ఏడాది అటవీ సంరక్షణ చట్టం వచ్చింది. నవంబరులో కేంద్రంలో ప్రత్యేక పర్యావరణ విభాగం ఏర్పడింది. 1981లో వాయు కాలుష్య నియంత్రణ చట్టం వెలువడింది.

ముస్సోరీ కొండలు ఆమె జీవితంలోకి మరోమారు వచ్చినదీ ఈ దశలోనే. సున్నపురాయి క్వారీలు ఆ కొండలను బోడిచేసి వదిలేశాయి. వ్యవసాయ శాస్త్రవేత్త నార్మన్ బోర్లాగ్ సూచన మేరకు 1982 డిసెంబరులో మాజీ సైనికులతో ప్రాదేశిక సైన్యంలో పర్యావరణ దళం ఏర్పాటైంది. పాడుబడిన క్వారీలపై మొక్కలు నాటి, మట్టి కొట్టుకుపోకుండా కట్టలు వేసి, ఆ దళం కొండలకు తిరిగి పచ్చదనం తెచ్చింది. దేశంలో గని భూముల పునరుద్ధరణకు అది తొలినాటి ఉదాహరణల్లో ఒకటి. తవ్వుకున్నవారు లాభంతో వెళ్లిపోగా, బాగుచేసే భారం ప్రజాధనంపై పడిందన్న పాఠాన్నీ అది మిగిల్చింది.

ఇదే కాలంలో వెనుకబడిన ప్రాంతాలకిచ్చే రాయితీలు, రాజధాని సామీప్యం తోడై పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారంలో ఔషధ, రసాయన కర్మాగారాలు వెలిశాయి. వేలాది కుటుంబాలకు ఉపాధి దొరికింది. యద్దుమైలారంలో ఆయుధ కర్మాగారానికి 1984 జులైలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. మూడు నెలలు గడిచాక, అక్టోబరు 31న ఢిల్లీలో అంగరక్షకుల తూటాలకు బలయ్యారు. కన్నుమూసే నాటికి ఆమె మెదక్ ఎంపీ.

ఆమె తరువాత

ఆమె మరణించిన నెలకే, డిసెంబరు 2-3 రాత్రి భోపాల్ విషవాయు దుర్ఘటన జరిగింది. దరిమిలా 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. కాలుష్యానికి పాల్పడే పరిశ్రమను నేరుగా మూయించే అధికారం జల చట్టం కింద మండళ్లకు 1988 సవరణతోగానీ రాలేదు. కర్మాగారాన్ని మూయించడం వేరు, మూసివేతకు ముందే ప్రణాళిక ఉండడం వేరు. భోపాల్‌లో మూతపడిన కర్మాగారం ఆవరణ నుంచి 330 టన్నులకు పైగా విషవ్యర్థాలను తరలించడానికి 40 ఏళ్లు పట్టింది. 2025 జనవరిలోగానీ అవి అక్కడి నుంచి కదలలేదు.

పటాన్‌చెరు అనుభవమూ అటువంటిదే. నక్కవాగు ద్వారా వ్యర్థజలాలు మంజీరా వైపు పారాయి. చెరువులు, బోరుబావులు పాడయ్యాయి. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. 2001లో హైకోర్టుకు బదిలీ అయి, ఆపై జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లి, 2017 అక్టోబరులో తీర్పు వెలువడింది. ఈ మధ్యలో 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి వెలువడే నీటిని పరీక్షించారు. శుద్ధి అనంతరం కూడా లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ ఉన్నట్లు తేలింది. ఇది ఆ మందు వాడే రోగి రక్తంలో కనిపించే మోతాదును మించినది. స్టాక్‌హోంలో ఇందిరాగాంధీ ప్రసంగించిన 35 ఏళ్లకు ఆ దేశ శాస్త్రవేత్తలే ఆమె నియోజకవర్గపు నీటిని ప్రపంచానికి చూపారు.

గనులకు ఉన్నది.. పరిశ్రమకు లేనిది

గనుల రంగం ఆలస్యంగానైనా పాఠం నేర్చింది. 2003లో ఖనిజ సంరక్షణ, అభివృద్ధి నిబంధనలను సవరించి, బొగ్గు మినహా ప్రధాన ఖనిజాల గనులకు మూసివేత ప్రణాళికను, దానికి ఆర్థిక హామీని తప్పనిసరి చేశారు. బొగ్గుకు 2009లో మార్గదర్శకాలు వచ్చాయి. ఓపెన్‌కాస్ట్ గనికి హెక్టారుకు 6 లక్షల రూపాయలు, భూగర్భ గనికి లక్ష రూపాయల చొప్పున లెక్కగట్టి, ఏటా కొంత మొత్తాన్ని ఎస్క్రో ఖాతాలో జమచేయాలని అవి నాడు నిర్దేశించాయి. యాజమాన్యం పని పూర్తి చేయకుంటే ఆ సొమ్ముతో చేయించవచ్చు. తవ్వకం మొదలయ్యేనాడే ముగింపు లెక్క రాసుకోవడం దీని సారం.

రసాయన కర్మాగారాలకు ఇటువంటి ముందస్తు జమ సాధారణ నియమంగా రాలేదు. 2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణకు నిబంధనలు తెచ్చింది. కారకులే శుద్ధి ఖర్చు భరించాలని అవి చెబుతున్నాయి. అయితే కలుషితమని తేలిన తరువాత మొదలయ్యే ప్రక్రియ అది. అప్పటికి యాజమాన్యం ఉంటుందన్న భరోసా లేదు. నిర్వహణలో ఉన్నప్పుడు సైతం ముప్పు ఎంతటిదో 2025 జూన్ 30న పాశమైలారంలోని ఔషధ కర్మాగారంలో పేలుడు చాటింది. 50 మందికి పైగా కార్మికులు ప్రాణాలు కోల్పోయారు.

ఇందిరాగాంధీ కాలంలో వచ్చిన చట్టాలు కాలుష్యాన్ని నేరంగా గుర్తించాయి. పరిశ్రమ వెళ్లిపోయాక నేలను, నీటిని ఎవరు బాగుచేయాలన్నది అవి తేల్చలేదు. అనుమతి పత్రంలోనే మూసివేత ప్రణాళిక, దానికి తగిన ధరావతు చేరిననాడు ఆ చట్టాల ఉద్దేశం ఆమె ప్రాతినిధ్యం వహించిన గడ్డపై నెరవేరుతుంది.