రూలుతో ఆట నేర్పిన పంతులు: రహీం సాబ్ జీవితం



అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన నెల్లూరు తీరానికి వానల కాలం. వాయుగుండం పట్టిందంటే బడి మైదానాలు చెరువులవుతాయి. నీళ్లు ఇంకి నేల గట్టిపడ్డాక బడుల మధ్య ఫుట్‌బాల్ పోటీలు ఊపందుకుంటాయి. కావలి నుంచి, కోట నుంచి, సూళ్లూరుపేట నుంచి పిల్లలు బస్సుల్లో వస్తారు. మీలో చాలామంది పనులు మానుకుని మరీ వచ్చి గీత పక్కన నిలబడతారు. అమ్మానాన్న చూస్తున్నారంటే పిల్లలకు అంతకు మించిన బలం లేదు.

అయితే గీత పక్కన నిలబడ్డ పెద్దవాళ్లకు తెలియకుండానే ఒక అలవాటు అవుతుంది. ఈల మోగిన ప్రతిసారీ గొంతు లేస్తుంది. రిఫరీకి కళ్లు కనిపించడం లేదని ఒకరు, అవతలి బడివైపు మొగ్గుతున్నాడని ఇంకొకరు అరుస్తారు. ఆ ఈల ఊదుతున్నది చాలాసార్లు ఏదో ఒక బడి పీఈటీ సారే. మరుసటి రోజు మీ పిల్లలు అదే సారు ముందు వరుసలో నిలబడాలి.

బడి ఆటల్లో రిఫరీ ఎలా ఉండాలి? ఆయన బాగా చేయాలంటే మనమేం చేయాలి? దీనికి జవాబుగా ఈ నెల ఒక మనిషి జీవితం చెబుతాం. ఆయన హైదరాబాదు బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో వచ్చిన మైదాన్ అనే హిందీ సినిమా చూసినవారికి ఆ పేరు తెలిసే ఉంటుంది. సినిమాలో మీరు చూసింది దేశపు కోచ్‌ని. ఇక్కడ మీకు చూపించాలనుకున్నది ఆ కోచ్‌లోని పంతుల్ని.

బడిలో మొదలైన పని

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు, ఆ విశ్వవిద్యాలయ జట్టుకు ఫుట్‌బాల్ ఆడారు. చదువయ్యాక ఎంచుకున్నది బడిపంతులు ఉద్యోగం. కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూలు, ఇలా నగరంలోని బడుల్లో పనిచేశారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, పిల్లల ఆటల బాధ్యత తీసుకున్నారు. ఈ రోజు మన భాషలో చెప్పాలంటే ఆయన ఒక పీఈటీ సారు.

1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1963లో కన్నుమూసేదాకా ఆ బాధ్యతలోనే ఉన్నారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును చేతిలోకి తీసుకున్నారు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 సార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. కలకత్తా జట్లదే ఆట అనుకునే రోజుల్లో హైదరాబాదు పేరు దేశమంతా వినిపించింది.

ఈల ఊదితేనే నడిచే ఆట

మీరు గమనించాల్సింది ఆయన పిల్లలకు ఆట నేర్పిన పద్ధతి. బంతి దొరికితే ఒక్కడే కాలికి చుట్టుకుని నలుగురిని తప్పించుకుంటూ పోవాలన్నది ఏ పిల్లవాడికైనా ఉండే ఆశ. రహీం దాన్ని ఉపన్యాసంతో మాన్పించలేదు. బంతిని అలా తిప్పుకుంటూ పోవడం నిషిద్ధమనే రూలు పెట్టి పోటీలు నడిపారు. దాంతో పక్కవాడికి బంతి అందించడం పిల్లలకు దానంతట అదే అలవాటైంది. కుడికాలి వాటం ఉన్నవాళ్లు ఎడమ కాలు వాడరు కదా. అందుకని వాటం లేని కాలితో మాత్రమే ఆడాలనే పోటీలు పెట్టారు. తక్కువ మందితో చిన్న జట్లు చేసి ఆడించారు. అలాగైతే ప్రతి పిల్లవాడి కాలికీ బంతి ఎక్కువసార్లు తగులుతుంది.

ఇలాంటి ఆట ఎలా నడుస్తుందో ఒక్కసారి ఊహించండి. ఎడమ కాలితో మాత్రమే ఆడాలని రూలు. ఒక పిల్లవాడు తొందరలో కుడి కాలితో గోల్ కొట్టాడు. అందరూ గంతులు వేస్తున్నారు. అప్పుడు రిఫరీ ఈల ఊది ఆ గోల్ చెల్లదనాలి. ఆ ఒక్కసారి మొహమాటపడి వదిలేస్తే ఆ పోటీ పెట్టిన ప్రయోజనమే పోతుంది. రూలు పెట్టడం సులువు, పెట్టిన రూలును అందరికీ ఒకేలా అమలు చేయడమే కష్టం. అక్కడ రిఫరీ చేసేది తీర్పు చెప్పడం మాత్రమే కాదు, పాఠం చెప్పడం కూడా.

ఇప్పటి అంతర్జాతీయ ఆట నిబంధనలు కూడా పిల్లల ఆటకు ఇలాంటి వెసులుబాటు ఇస్తున్నాయి. మైదానం కొలత, బంతి సైజు, ఆట సమయం తగ్గించుకోవచ్చు. బయటికి వెళ్లిన పిల్లవాడిని మళ్లీ ఆటలోకి తీసుకోవచ్చు. కాబట్టి మీ అబ్బాయి మ్యాచ్ టీవీలో చూసే మ్యాచ్‌లా లేదంటే రిఫరీకి ఆట తెలియదని అనుకోకండి. ఆ పోటీకి ఏ రూళ్లు పెట్టారో ముందు అడిగి తెలుసుకోండి.

రూపాయి, సైకిలు

సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పేదింట పుట్టిన తులసీదాస్ బలరాం ఆట రహీం కంటపడింది. ఆ కుర్రాడికి రోజూ హైదరాబాదు వచ్చి సాధన చేయడానికి దారి ఖర్చు లేదు. సైకిలు అద్దెకు తీసుకోమని రహీం రోజుకో రూపాయి ఇచ్చారు. బలరాం 20 ఏళ్ల వయసుకే హైదరాబాదు తరఫున ఆడి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లే జట్టులో చేరాడు. ఆ తర్వాత దేశం గర్వించే ఆటగాళ్లలో ఒకడయ్యాడు.

పిల్లల ఆటలో న్యాయం మ్యాచ్ మొదలవకముందే మొదలవుతుందని చెప్పడానికే ఈ సంగతి. అందరికీ ఒకే గీత దగ్గర నిలబడే అవకాశం వస్తేనే ఈల మోగాక జరిగేది సరైన పోటీ అవుతుంది.

చెప్పుల్లేని కాళ్లు

1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో రహీం శిక్షణలో మన జట్టు ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం గెలిచింది. మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్స్‌లో మాత్రం యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడింది. మనవాళ్లలో ఎక్కువమంది ఆ చలిలో బూట్లు లేకుండా ఆడారు. ఆ తర్వాతే మన దేశంలో ఆటగాళ్లకు బూట్లు తప్పనిసరి చేశారు.

మైపాడు ఇసుకలో మన పిల్లలు ఉత్త కాళ్లతో బంతి తంతుంటే చూడముచ్చటగానే ఉంటుంది. పోటీ మ్యాచ్ సంగతి వేరు. ఇప్పటి నిబంధనల ప్రకారం బూట్లు, మేజోళ్లు, మోకాలి కింది ఎముకకు రక్షణగా షిన్‌గార్డ్‌లు తప్పనిసరి. మెడలో గొలుసు, చేతికి కడియం, చెవులకు పోగులు ఉండకూడదు, పైన టేపు చుట్టినా ఒప్పుకోరు. మ్యాచ్‌కు ముందు రిఫరీ మీ పాప చెవిపోగులు తీయించాడంటే అది చాదస్తం కాదు. పక్కవాళ్ల మోచేయి తగిలితే తెగేది ఆ చెవే. మంచి రిఫరీని గుర్తుపట్టడానికి ఇదే మొదటి గుర్తు: బంతి కదలకముందే పిల్లలను ఒకసారి తేరిపార చూస్తాడు.

1962: ఇద్దరు పంతుళ్లు

1956లో మెల్‌బోర్న్‌లో మన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి ఒలింపిక్స్ సెమీఫైనల్ చేరింది. అంతదాకా వెళ్లిన తొలి ఆసియా జట్టు మనదే. చివరికి నాలుగో స్థానం దక్కింది.

1962లో జకార్తా ఆసియా క్రీడలకు వెళ్లేనాటికి రహీం ఆరోగ్యం బాగా లేదు. అక్కడ పరిస్థితులూ బాగా లేవు. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వకపోవడాన్ని మన దేశ ప్రతినిధి తప్పుపట్టడంతో స్థానికులు మనవాళ్ల మీద మండిపడుతున్నారు. సెప్టెంబరు 4న దక్షిణ కొరియాతో ఫైనల్. దాదాపు లక్ష మంది జనం. మనవాళ్ల కాలికి బంతి తగిలినప్పుడల్లా ఎగతాళి కేకలు. తొలి మ్యాచ్‌లో అదే కొరియా చేతిలో మనం 2-0తో ఓడిపోయాం కూడా. అయినా మన ఆటగాళ్లు జనంతో గొడవకు దిగలేదు, ఆట వదల్లేదు. పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరో గోల్ కొట్టారు. 2-1తో బంగారు పతకం మనదైంది.

ఆ కేకలు మన దేశం వాళ్ల చెవుల్లో పడ్డాయి గనక మనకు కోపం వస్తుంది. ఆదివారం పొద్దున మన బడి మైదానంలో అవతలి బడి పిల్లల చెవుల్లో, ఈల పట్టుకున్న సారు చెవుల్లో పడే కేకలు ఎవరివో కూడా ఒకసారి ఆలోచించండి.

అదే ఏడాది జూన్ 2న చిలీ రాజధాని సాంటియాగోలో ప్రపంచకప్ మ్యాచ్ జరిగింది. చిలీ, ఇటలీ ఆటగాళ్లు ఒకరినొకరు తన్నుకున్నారు, పోలీసులు మైదానంలోకి రావాల్సి వచ్చింది. ఆ మ్యాచ్‌కు రిఫరీ కెన్ ఆస్టన్. ఆయన కూడా పంతులే, ఇంగ్లాండులో ఒక ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయుడు. ఎవరిని హెచ్చరించారో, ఎవరిని పంపేశారో భాష రాని ఆటగాళ్లకూ, దూరాన ఉన్న ప్రేక్షకులకూ అర్థం కాకపోవడం అప్పట్లో పెద్ద చిక్కు. 1966 ప్రపంచకప్ సమయంలో లండన్ రోడ్డు మీద ట్రాఫిక్ దీపాలు చూసి ఆయనకు ఒక ఆలోచన తట్టింది. పసుపు రంగు జాగ్రత్తకు, ఎరుపు ఆగడానికి. 1970 మెక్సికో ప్రపంచకప్ నుంచి ఆ కార్డులు వాడుకలోకి వచ్చాయి. తీర్పు సరైనదిగా ఉంటే చాలదు, అందరికీ అర్థమయ్యేలా కూడా ఉండాలని గ్రహించింది తరగతి గది తెలిసిన మనిషే.

కొడుకు పట్టిన ఈల

రహీం కొడుకు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఫుట్‌బాల్ ఆటగాడే. 1960 రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టులో ఉన్నారు. ఆ జట్టుకు కోచ్ సొంత తండ్రి. అయినా హకీం ఒక్క మ్యాచ్‌లో కూడా మైదానంలోకి దిగలేదు. మా వాణ్ని ఎందుకు ఆడించలేదని పీఈటీ సారును నిలదీసే ముందు ఈ ఒక్క సంగతి గుర్తు తెచ్చుకోండి.

హకీం తర్వాత వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్ అయ్యారు, కోచ్ అయ్యారు, అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య గుర్తింపు పొందిన రిఫరీ కూడా అయ్యారు. 1988లో ఖతార్‌లో జరిగిన ఆసియా కప్‌లో ఈల ఊదారు. ఆ ఇంట్లో ఆట నేర్పిన చేయి తండ్రిది, ఆటలో న్యాయం చూసిన చేయి కొడుకుది.

రహీం అది చూడలేదు. ఆయనకు క్యాన్సర్. జకార్తా బంగారు పతకమే చివరి విజయం. తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, 53 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశానికి ఇప్పటిదాకా మరో బంగారు పతకం రాలేదు.

ఇక మన వంతు

పెద్ద రిఫరీలు ఒక్కరోజులో తయారు కారు. బడి మ్యాచ్‌లలో తప్పులు చేస్తూ, దిద్దుకుంటూ నేర్చుకుంటారు. నేర్చుకునే చోటే తిట్లు తింటే ఈల పక్కన పెట్టేస్తారు. అప్పుడు నష్టపోయేది మన పిల్లలే. అందుకే నాలుగు మాటలు.

మొదటిది, ఆడుతున్న బడి సారు ఆ మ్యాచ్‌కు రిఫరీగా ఉండకుండా మూడో బడి నుంచి పిలిపించమని పోటీ నడిపేవారిని అడగండి. అలా అడిగితే ఎవరినీ అవమానించినట్టు కాదు, ఆ సారుకూ భారం తగ్గుతుంది.

రెండోది, పిల్లవాడు కిందపడి లేవకపోతే, ముఖ్యంగా తలకు దెబ్బ తగిలితే, ఆట ఆపే రిఫరీని మెచ్చుకోండి. ఆ సమయంలో మన జట్టు గోల్ ముందు ఉన్నా సరే. జకార్తాలో జర్నైల్ సింగ్ తలకు కుట్లతో ఆడిన మాట నిజమే. ఆ రోజులు వేరు, మన పిల్లలకు ఆ సాహసం వద్దు.

మూడోది, అనుమానం ఉంటే మ్యాచ్ అయ్యాక, పిల్లలు లేనిచోట, మర్యాదగా అడగండి. జరిగిన సంఘటనపై రిఫరీ నిర్ణయమే చివరిదని ఆట నిబంధన. ఆయన పొరపాటు పడ్డా ఆట అక్కడ ఆగిపోకూడదనే అలా పెట్టారు.

నాలుగోది, మీ అబ్బాయికో అమ్మాయికో ఆట మీద ఇష్టం ఉండి జట్టులో చోటు దొరకకపోతే, గీత పక్కన జెండా పట్టుకునే పని అడగమనండి. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో పది మ్యాచ్‌లు చూస్తే తెలిసేదానికన్నా ఒక మ్యాచ్‌కు జెండా పట్టుకుంటే బాగా తెలుస్తుంది.

ఈసారి మ్యాచ్ అయ్యాక మీ పిల్లలతో పాటు వెళ్లి, గెలిచినా ఓడినా, రిఫరీగా ఉన్న సారుకు గానీ మేడమ్‌కు గానీ చెయ్యి కలిపి రండి. ఇంటికొచ్చాక రహీం సాబ్ ఎవరో పిల్లలకు చెప్పండి.